సాహితిని అడగకుండా

తనూజ ఆ వీడియో పెట్టింది జులైలో ఒక శనివారం పొద్దున. సాయంత్రం కుళాయికి నీళ్లొచ్చే వేళకు దాన్ని నలభై వేల మంది చూశారు. ఆదివారం మధ్యాహ్నానికి ఆ అంకె మూడు లక్షలు దాటింది. మూడేళ్లుగా కిందామీదా పడుతున్నా ఆమె చానెల్‌కు సబ్‌స్క్రైబర్లు తొమ్మిది వేల దగ్గరే మొండికేసి కూర్చున్నారు. ఇప్పుడేమో ఒకటి చదివేలోపు పది కామెంట్లు వచ్చి పడుతున్నాయి.

ఆమెది ఆలూరు. కర్నూలులో తెలుగు ఎం.ఏ. చదివేటప్పుడు నాటికలు రాసి తోటి పిల్లలతో ఆడించేది. ఎప్పటికైనా తన రాతతోనే నలుగురికీ తెలియాలని అప్పుడే గట్టిగా అనుకుంది. పెళ్లయి కర్నూలులోనే కాపురం పెట్టింది, కూతురు సాహితి పుట్టింది, ఒక ప్రైవేటు బడిలో నాలుగేళ్లు పాఠాలు చెప్పింది. అత్త రామసుబ్బమ్మకు మోకాళ్లు పట్టేశాక అదీ మానేసింది. ఇక చేతిలో మిగిలింది ఫోను. ఆలూరు మాటలో చిన్న చిన్న నాటికలు రాసుకుని అన్ని వేషాలూ తనే వేసేది. కొంగు తల మీదికి లాక్కుంటే అత్త, భుజాన తువ్వాలు వేసుకుంటే మామ, జడ ముందుకు వేసుకుంటే కోడలు. ఒక్కొక్కటి నిమిషంన్నర.

చూసేవాళ్లకు నిమిషంన్నర. మంచిది ఒకటి కుదరాలంటే ఆమెకు పది రోజులు పట్టేది. ఫోను పది రోజులు ఆగదు కదా. రోజూ ఏదో ఒకటి పెట్టకపోతే మన మొహం ఎవరికీ చూపించదని ఈ పనిలో ఆరితేరినవాళ్లు చెప్పేవారు. అందుకని నడుమ నడుమ బొరుగులతో ఉగ్గాని ఎట్లా చేయాలో, చీర కుచ్చిళ్లు ఎట్లా పెట్టాలో కూడా పెట్టేది. వాటిని తర్వాత చూసుకుంటే తనకే సిగ్గేసేది. పొద్దున ఏడూ నలభైకి సాహితి స్కూలు బస్సు. ఆ వెనకనే భర్త భూపేష్ సోలార్ ప్లాంటు డ్యూటీ. వాళ్లను పంపించి, అత్తకు మాత్రలిచ్చి, గిన్నెలు కడిగి కెమెరా ముందు నిలబడేసరికి పదకొండయ్యేది. గొంతు శుభ్రంగా రావాలంటే ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపాలి. కర్నూలు ఎండల్లో ఫ్యాను ఆగితే రామసుబ్బమ్మ ఊరుకుంటుందా? "మే తనూజా, మనిషిని బతకనిస్తావా లేదా?" అని నడింట్లోంచి అరిచేది. ఆ అరుపు కూడా రికార్డయ్యేది. మళ్లీ మొదటి నుంచి. ఈసారి పాత ఇనుము కొనే ఆటో మైకు పెట్టుకుని సందులోకి వచ్చేది.

ఈ వీడియో మాత్రం ఏప్రిల్‌లో జరిగిన సంగతి నుంచి పుట్టింది.

ఆ రోజు బడికి సెలవు. తనూజ అత్త వేషంలో ఉంది. ఆరుసార్లు చెడిపోయిన టేకు ఏడోసారి కుదురుతోంది. బాత్రూంలోంచి సాహితి "అమ్మా" అని పిలిచింది.

"రెండు నిముషాలు ఉండు!" అంది తనూజ, కెమెరా మీంచి చూపు తిప్పకుండానే.

సాహితి మళ్లీ పిలిచింది.

"ఉండమంటాండా కదా!"

టేకు పూర్తయింది. బాగా వచ్చిందో లేదో ఒకసారి వేసి చూసుకుంది కూడా. అప్పుడు పోయి తలుపు తట్టింది. లోపల పదమూడేళ్ల పిల్ల గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. పెద్దమనిషి అయింది.

బంధువులందరినీ పిలిచి గొప్పగా చేద్దామని రామసుబ్బమ్మ పట్టుబట్టింది. సాహితి వద్దంటే వద్దంది. చివరికి ఇంట్లోనే అయిదుగురు ముత్తైదువలతో అయిందనిపించారు. వాళ్లంతా వెళ్లిపోయాక సాహితి తల్లి చెయ్యి పట్టుకుని, "బడిలో ఎవురికీ తెలీకూడదుమా. స్తుతికొక్కదానికి నేనే చెప్తా," అంది. స్తుతి పక్కింటి విశ్వాసమ్మ కూతురు, ఇద్దరిదీ ఒకే క్లాసు.

"నేనెవురికీ చెప్పన్లే," అంది తనూజ.

ఆమె ఎవరికీ చెప్పలేదు. రాసింది. రాయకుండా ఉండలేకపోయింది. ఆ "రెండు నిముషాలు" ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. కూర తరుగుతున్నా అదే, బట్టలు నానబెడుతున్నా అదే. నాటికలో, ఊళ్లో ఆడపిల్లలందరికీ ధైర్యం చెప్పే గడుసు తల్లి ఒకామె. సొంత కూతురు తలుపవతల నుంచి పిలిస్తే "రెండు నిముషాలు ఉండు" అంటుంది. సంగతి తెలిశాక నోట మాట రాక నీళ్లు నములుతుంది. అత్త ఒక పక్క నువ్వులూ బెల్లం దంచుతూ సాధిస్తుంటుంది. తల్లి ఆ మూసిన తలుపు ముందు నేల మీద కూలబడి, తను పెద్దమనిషి అయిన రోజున తనకెవరూ చెప్పని మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కుని కూతురికి చెబుతుంది. కూతురు కనిపించదు. తలుపు మాత్రమే కనిపిస్తుంది. నవ్విస్తూ నవ్విస్తూ ఉన్నట్టుండి ఏడిపించే నాటిక అది. కాలేజీలో తను ఎలాంటిది రాయాలనుకునేదో అలాంటిది తన చేతి నుంచి మొదటిసారి వచ్చిందని తనూజకు తెలుసు.

పేరు లేదు, మొహం లేదు, ఏ ఇంట్లోనైనా జరిగేదే కదా అనుకుంది. సాహితికి ఒకసారి చూపిద్దామని రెండుసార్లు ఫోను తీసింది. వద్దంటే ఏం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబు లేక, అడగకుండానే పెట్టేసింది.

ఇంట్లో అందరికంటే ముందు మురిసిపోయింది రామసుబ్బమ్మ. మూడేళ్లుగా కోడలి ఫోనును సవతిని చూసినట్టు చూసిన మనిషి, సోమవారం పొద్దున కాఫీ తాగుతూ, "బనగానపల్లె నుంచి లక్ష్మీదేవమ్మ ఫోన్ చేసింది మే. అచ్చం నువ్వు అరిచినట్లే అరిచిందే నీ కోడలు అని ఒకటే నవ్వు. నా మాదిరే చేసినావంట కదా," అంది, అదేదో సన్మానం జరిగినట్టు. భూపేష్ ప్లాంటులో తోటివాళ్లందరికీ చూపించి మిఠాయి కూడా పంచాడు.

ఆ సాయంత్రం సాహితి బడి నుంచి వచ్చి, బ్యాగు పడేసి, గదిలోకి పోయి తలుపు వేసుకుంది. అలసిపోయి వచ్చిందనుకుంది తనూజ. కామెంట్లకు జవాబులు రాస్తూ ఉండిపోయింది. మంగళవారం పిల్ల కడుపు నొప్పని బడికి పోలేదు. బుధవారమూ పోలేదు. ఆ బుధవారమే తనూజ కడపకు పోవాల్సి ఉంది.

పిలిచినాయన పేరు హెన్రీ. కడపలో చిన్న సినిమాలు తీసి పేరు తెచ్చుకున్నాడు. వెబ్ సిరీస్ ఒకటి తలపెట్టాననీ, ఒకసారి వచ్చి మాట్లాడమనీ ఫోన్ చేశాడు. తనూజ వాము కషాయం కాచి సాహితి మంచం పక్కన పెట్టి, "సాయంత్రానికి వచ్చేస్తా. జేజి ఉండాది కదా," అని పిల్లను అత్తకు అప్పజెప్పి తొలి బస్సు ఎక్కింది. సాహితి గోడవైపు తిరిగి పడుకుంది.

ఏడు రోడ్ల దగ్గర ఒక దోసెల హోటలు పైన హెన్రీ ఆఫీసు. నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. "ఆ తలుపు ముందర కూర్చునే సీను నేను ఎనిమిదిసార్లు చూసినానక్కా. తల్లీకూతుళ్ల కథ, ఎనిమిది భాగాలు చేద్దాం. యాక్టింగు వేరేవాళ్లతో చేయించుకున్నా రాసేది మాత్రం మీరే," అన్నాడు. సోమవారం హైదరాబాదు నుంచి నిర్మాతలు వస్తున్నారనీ, వాళ్లకు ముందుగా చూపించేది ఈ వీడియోనేననీ చెప్పి, "మా రచయిత అని మీ పేరు చెప్తా," అన్నాడు.

రచయిత. ఆ మాట తన పేరు పక్కన ఎవరైనా పెట్టడం అదే మొదలు. తిరుగు బస్సులో ఆళ్లగడ్డ దాటకముందే మొదటి భాగం ఎలా ఎత్తుకోవాలో తనూజకు తట్టేసింది. టికెట్టు వెనకా, చెయ్యి మీదా కూడా రాసుకుంది. నాలుగున్నరకు సందు మలుపు తిరిగేసరికి గేటు దగ్గర యూనిఫాంలో స్తుతి నిలబడి ఉంది, చేతిలో నోట్సు పుస్తకాలు.

"సాహితికి నోట్సు ఇద్దామని వచ్చినా అత్తా. తలుపు తీయడంలేదు."

"కడుపు నొప్పి కదమ్మా, పండుకున్నట్లుంది."

స్తుతి ఇటూ అటూ చూసింది. "కడుపు నొప్పి కాదత్తా. మీకు తెలీదా?"

అక్కడే, గేటు దగ్గరే చెప్పింది ఆ పిల్ల. ఆదివారమే ఎవరో ఆ వీడియోను క్లాసు వాట్సాప్ గ్రూపులో వేశారు. సోమవారం బస్సులో సాహితి ఏం మాట్లాడబోయినా వెనక సీట్లోంచి మగపిల్లలు "రెండు నిముషాలు ఉండు" అని అందుకున్నారు. అదన్నా పర్వాలేదు. మూడో పీరియడ్‌లో సైన్సు మేడం ఆ వీడియోను బోర్డు మీద వేసి చూపించింది. ఇది ప్రతి ఆడపిల్లా, ప్రతి మగపిల్లాడూ చూడాల్సిన వీడియో అంది. చేసినామె మన సాహితి వాళ్లమ్మే అని చెప్పి, సాహితిని లేపి నిలబెట్టి అందరితో చప్పట్లు కొట్టించింది.

"ఆమె మంచికే చేసిందత్తా," అంది స్తుతి. "కానీ సాహితి లంచ్ అప్పుడు బాత్రూంలోకి పోయి మళ్లీ క్లాసుకు రాల్యా."

తనూజ లోపలికి వెళ్లి చాలాసేపు తలుపు కొడితే సాహితి గడియ తీసింది. కళ్లు వాచి ఉన్నాయి కానీ అప్పుడు ఏడవడం లేదు.

"నీ పేరు యాడా చెప్పలేదు కదా నాయనా," అంది తనూజ. అంటుంటేనే ఆ మాట ఎంత పేలవంగా ఉందో తెలిసింది.

"చెప్పేదేముంది? నీకు ఇంకెంతమంది కూతుర్లు ఉండారు?"

"అది మంచి విషయం సాహితీ. ఎంతమంది ఆడపిల్లలు రాసినారో తెలుసునా, మాయమ్మకు చూపించినామని..."

"వాళ్లకు మంచిదే. నేను ఆడ ఏడుస్తాంటే నువ్వు రెండు నిముషాలు ఉండు అన్నావు. అది నాకొక్కదానికే తెలుసనుకున్న్యా. నువ్వు దాన్ని అందరికీ చూపించి నవ్వించినావు."

ఆ నాటికను నాటికగా నిలబెట్టింది ఆ ఒక్క మాటే. అది తీసేస్తే మిగిలేది సైన్సు మేడం చెప్పే పాఠం. ఇది పిల్లకు ఎలా చెప్పాలి? చెప్పి ఏం లాభం?

"తీసేయమంటావా?"

"నీ ఇష్టం."

తీసేయాలని ఆ క్షణమే అనుకుంది. కానీ గురువారం తీయలేదు. సోమవారం ఒక్కటి గడిస్తే చాలు, నిర్మాతలు చూస్తే చాలు, ఆ తర్వాత ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. హెన్రీకి ఫోన్ చేసి, ఫైలు పంపిస్తాను, చానెల్లో మాత్రం తీసేస్తాను అంది. "ఫైలుదేముందక్కా, అన్ని లక్షల మంది చూసినారని కనపడాలి కదా. వాళ్లు చూసేది అదే. నాలుగు రోజులు ఓపిక పట్టండి," అన్నాడాయన. ఆయన మాటలో తప్పు లేదు. అందుకే మరింత ఒళ్లు మండింది.

భూపేష్‌కు చెబితే తల పట్టుకున్నాడు. "పిల్లదాన్ని ఏడిపించి ఏం సాధిస్తావు? నేను మొదట్నుంచీ చెప్తాండా, ఇవన్నీ మనకొద్దని."

"ఎప్పుడు చెప్పినావప్పా? మొన్న ప్లాంటులో మిఠాయి పంచింది ఎవురు?"

"అప్పుడు నాకేం తెలుసు?"

"నాకు తెలుసునా?"

తెలుసు. ఎవరికీ తెలియకూడదని పిల్ల ముందే అడిగిన సంగతి భూపేష్‌కు తెలియదు, అంతే.

శుక్రవారం మధ్యాహ్నం తనూజ రొట్టెలు కొడుతుంటే సాహితి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. సోమవారం నుంచి మొదటిసారి తనంతట తాను మాట్లాడింది.

"ఇంకా ఉండాది కదా?"

తనూజ చేతులు కూడా కడుక్కోలేదు. జొన్నపిండి వేళ్లతోనే ఫోను తీసి, పిల్ల ఎదుటే ఆ వీడియో తీసేసింది. ఆరు లక్షల పాతిక వేల మంది చూసిన వీడియో. నిజంగానే తీసేయాలా అని ఫోను ఒకసారి అడిగింది. అవునని నొక్కింది. పిల్ల వచ్చి వాటేసుకుంటుందనో, కనీసం మొహం విప్పుతుందనో ఎదురుచూసింది.

సాహితి తన చేతిలో ఉన్న జేజి ఫోనును తల్లి ముందు పెట్టింది. అదే వీడియో. వేరే ఎవరిదో పేజీ. కింద తనూజ పేరు లేదు. తొమ్మిది లక్షల మంది చూశారు.

"ఇట్లాంటివి నాలుగు ఉండాయి," అంది సాహితి. "ఇప్పుడు నువ్వు తీసేసినావని తెలిస్తే, చూడు, అది నిజంగా ఆ పిల్ల కథే అంటారు. ఇంగా ఎక్కువ అంటారు."

"మరి ఏం చేయమంటావే నన్ను?" తనూజ అరిచింది. "ఉంచితే తప్పు, తీస్తే తప్పు. రాయకపోతే నేను చచ్చినట్లుంటాది, రాస్తే నువ్వు చస్తాండావు. నన్నేం చేయమంటావో నువ్వే చెప్పు!"

"నన్నేమిటికి అడుగుతావు? అడగాల్సినప్పుడు అడిగినావా?"

పెనం మీద రొట్టె మాడిపోయింది. ఆ వాసనకు నడింట్లోంచి రామసుబ్బమ్మ గోడ పట్టుకుని వచ్చి, సంగతి విని, "తీసేస్తివా? యాల తీస్తివే? మా చెల్లెలింకా చూడనే లేదు!" అంది. తల్లీ కూతురూ ఇద్దరూ ఆమెను చూశారు. ఎవరికీ నవ్వు రాలేదు.

శనివారం తనూజ బడికి వెళ్లింది. సైన్సు మేడం ఆమెను చూడగానే లేచి రెండు చేతులూ పట్టుకుంది. తనూజ తన బాధ చెప్పుకొచ్చింది. మేడం శ్రద్ధగా వింది, చివరికి నిజంగానే అర్థంకాక, "అందులో సిగ్గుపడేదేముంది మేడం? సిగ్గుపడకూడదనే కదా మీరు తీసింది?" అని అడిగింది. సిగ్గుపడకూడదని లోకానికి చెప్పడం వేరు, నా బిడ్డ సంగతి నా బిడ్డది కావడం వేరు. ఇంత చిన్న సంగతిని రెండు నెలలు కూర్చుని నాటిక రాసిన తనే గ్రహించలేదు, ఆమెను ఏమని నిలదీస్తుంది? మగపిల్లలను కాస్త మందలించమని మాత్రం అడిగి వచ్చేసింది.

ఆ తర్వాతి వారం యూనిట్ పరీక్షలు మొదలయ్యాయి. స్తుతి పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చుని, నువ్వు రాకపోతే నేనూ పోను అంది. సాహితి విసుక్కుంటూనే జడ వేసుకుని బయల్దేరింది. తల్లి చేసిందేమీ లేదు అందులో. బస్సులో పిల్లలు ఇంకొన్నాళ్లు అన్నారు, తర్వాత వేరేదేదో వైరలయితే దాని మీద పడ్డారు. సాహితి తల్లితో మాత్రం బాక్సు పెట్టమని, సంతకం చేయమని, అంతవరకే మాట్లాడేది.

నిర్మాతలు వచ్చారు, పోయారు. వీడియో తీసేశానని తనూజ చెప్పినప్పుడు హెన్రీ కసురుకోలేదు. ఇంకో కథ పంపండి, అంత బలమైనదే అన్నాడు. పది రోజులు గడువిచ్చాడు. తనూజ ఈసారి తన ఇంటి ఛాయ కూడా పడకుండా రాయాలని పట్టుపట్టింది. పత్తికొండ దగ్గర టమాటా పండించే ఒక మొగుడూ పెళ్లామూ, వాళ్ల మధ్య ఒక పోట్లాట. ఎనిమిది రోజులు రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం వంటింట్లో నిలబడి గట్టిగా చదువుకుంటుంటే, హోంవర్కు చేసుకుంటున్న సాహితి తల ఎత్తకుండా అంది:

"ఆమె అట్ల మాట్లాడదు."

"ఎవురు?"

"నువ్వు రాసినామె. టీవీ సీరియల్లో మాదిరి మాట్లాడుతాంది."

తనూజకు ఒళ్లు మండింది. నిజం కావడం వల్ల ఎక్కువ మండింది. "మరి ఎట్ల మాట్లాడుతాదో నువ్వు చెప్పు."

"నాకేం తెలుసు. అట్లయితే మాట్లాడదు."

అయినా అదే పంపించింది, వేరే ఏదీ లేదు కాబట్టి. హెన్రీ మర్యాదగానే జవాబిచ్చాడు. సిరీస్ ఎవరో హైదరాబాదు వాళ్లు రాస్తున్నారని తర్వాత తెలిసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక తనూజ రెండు రోజులు గిన్నెల మీద చూపించింది. తనకు చేతనైన రాత ఈ నాలుగు గోడల మధ్య నుంచే వస్తుంది. ఈ నాలుగు గోడల మధ్య ఉన్నవాళ్లేమో బొమ్మలు కారు. ఈ చిక్కు ఎవరితో చెప్పుకున్నా, వంటల వీడియోలు పెట్టుకో అంటారు.

ఆగస్టు చివర్లో ఒక ఆదివారం సాహితి తలకు నూనె పెట్టించుకోవడానికి తల్లి ముందు కూర్చుంది. సగం తల అయ్యాక అడిగింది.

"మళ్లా నా గురించి రాస్తావా?"

అబద్ధం చెప్పడం తేలికే. తనూజ చెప్పలేదు. "రాస్తానేమో. నేను రాయాలని కూర్చుంటే నువ్వే వస్తావు, మీ జేజే వస్తాది. వేరేవాళ్లు రావడంలేదు."

"అయితే రాసేముందు నాకు చెప్పాల."

"రాసేముందు నాకే తెలీదే. రాస్తాంటే వస్తాది అది."

"నాకదంతా తెలీదు."

"పెట్టేముందు చూపిస్తా. నువ్వు చదివినాకనే పెడతా."

"చదివి వద్దంటే?"

దువ్వెన సాహితి జుట్టులోనే ఆగిపోయింది. సరిగ్గా ఈ ప్రశ్నకు జవాబు లేకనే ఆ రోజు అడగకుండా పెట్టింది తను. సాహితి వెనక్కి తిరిగి చూడలేదు, కానీ జవాబు వినేదాకా కదిలేలా కూడా లేదు.

"వద్దంటే పెట్టను," అంది తనూజ చివరికి.

"ఎంత బాగున్యా?"

"ఎంత బాగున్యా."

మాట ఇచ్చినందుకు మనసు తేలికపడుతుందేమో అనుకుంది. పడలేదు. తన రాత మీద ఎవరో వచ్చి తలుపు మూసినట్టయింది. జుట్టు ముడి గట్టిగా బిగించి, "పో, తల పోసుకుందువు, నీళ్లు కాగినాయి," అని పిల్లను లేపి, నూనె చేతులతోనే మిద్దె మీదికి పోయి కాసేపు ఒంటరిగా నిలబడింది.